చెవి గాటు

తల గోనెసంచీలో ఉంది. బియెరా దాన్ని మంచుబండి మీంచి దించి, అన్న గుమ్మం ముందు పెట్టాడు.

"ఆడ రెయిన్‌డీర్ అన్నా. చిక్కి పుల్లైపోయింది. మూతి నిండా సొంగ. తూలిపోతుంటే చూడలేక నేనే కత్తి వేశాను."

ఇస్సాత్ సంచీ మూతి విప్పి చెవులు చూశాడు. ఎడమ చెవికి రెండు గాట్లు. కుడి చెవి కొస కోత. తన గుర్తే. దూడగా ఉన్నప్పుడు ఒక్కసారి కోస్తారు. చచ్చేదాకా అది మారదు.

"డాక్టరమ్మ తలకో కాఫీ పొట్లం ఇస్తోందటగా. ఇచ్చెయ్," అన్నాడు బియెరా. "నా తలకేమిస్తుందో కూడా కనుక్కో."

"నీ తలలో పరీక్ష చెయ్యడానికి ఏముందిరా, గాలి తప్ప."

బియెరా నవ్వాడు.

"పిల్లలెలా ఉన్నారు?"

"పెదనాన్న రావట్లేదని ఒకటే గోల. అందరికీ పళ్లొచ్చేశాయిగా, ఇంక నీకు మా ఇంట్లో పనేముంది!"

మా వైపు పసిబిడ్డ మొదటి పన్ను ఎవరు ముందు చూస్తే వాళ్లు ఆ బిడ్డకో రెయిన్‌డీర్ జింకనివ్వాలి. బియెరా పిల్లలు నలుగురి పళ్లూ ఇస్సాతే చూశాడు. పని మానుకుని వచ్చి మరీ చూశాడు. ఆయనకు పెళ్లి లేదు. జింకల మందే ఆయన సంసారం.

పశువుల డాక్టరు సున్నివా మర్నాడు వచ్చింది. ధ్రువప్రాంతపు జంతువుల జబ్బుల మీద పరిశోధన ఆమెది. చచ్చిన ప్రతిదాని తలా అడిగి పట్టుకెళ్తుంది. చెవి తిప్పి చూసింది.

"ఎవరి గుర్తండీ ఇది?"

"నాది."

పేరు రాసుకుంది. కాఫీ పొట్లం ఇచ్చింది. వెళ్లిపోయింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి టోపీ తియ్యలేదు. పొయ్యి దగ్గర బియెరా కూర్చుని ఉన్నాడు.

"జబ్బు దొరికిందండీ," అంది. "మెదడుకి చిల్లులు పడే జబ్బు. మందు లేదు. ఒక్కదానిలో కనబడితే మంద మొత్తాన్నీ చంపెయ్యాలి. రూలు."

ఇస్సాత్ లేచి నిలబడ్డాడు.

"బతికుండగా పరీక్ష చెయ్యండి. జబ్బున్నవాటిని తీసెయ్యండి."

"బతికుండగా తేలదు. తల కావాలి."

"ఈనడానికి ఇంకా నాలుగు వారాలే ఉంది డాక్టరమ్మా."

"తెలుసండీ." ఆమె సంచీలోంచి కాగితం తీసింది. "మందలో ఎన్నున్నాయి?"

మా వైపు ఎవరూ ఆ మాట అడగరు, నీ దగ్గర డబ్బెంతుందని అడిగినట్టే అది. ఇస్సాత్ చెప్పలేదు. ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది. తర్వాత బియెరా వైపు తిరిగింది.

"మీ మంద ఏటి అవతల. ఇటూ అటూ కలవవు. అదొక్కటే అదృష్టం."

బియెరా కట్టెపుల్ల బెరడు గోటితో ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఇస్సాత్ గారూ, అభ్యంతరమేదైనా ఉంటే రేపు సాయంత్రం లోపల చెప్పండి. ఎంత చిన్న సంగతైనా సరే. నేనే రాసి పంపుతాను. ఆపించడానికి చూస్తాను."

ఇస్సాత్ తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడి చేతిలోని పుల్లను చూశాడు. బెరడంతా పోయింది. ఇంకా ఒలుస్తూనే ఉన్నాడు.

"చెప్పేదేం లేదు," అన్నాడు ఇస్సాత్.

మూడు రోజులు పట్టింది. తెల్ల బట్టలవాళ్లు తుపాకులతో వచ్చారు. మంద వాళ్లను చూసి బెదిరింది. దొడ్డిలోకి రానంది. చివరికి డాక్టరమ్మే వచ్చి అడిగింది.

"మీరు పిలిస్తేనే వస్తాయండీ."

ఇస్సాత్ గంట కట్టిన ముసలి పోతును పట్టుకుని ముందు నడిచాడు. వెనకే అన్నీ వచ్చాయి. కడుపులు బరువుగా ఊగుతూ, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బియెరా దొడ్డి తలుపు పట్టుకున్నాడు. చివరిది లోపలికి వెళ్లాక తలుపు మూసి, దానికే నుదురు ఆనించి ఏడ్చాడు.

"ఊరుకోరా," అన్నాడు ఇస్సాత్. "నీకు పిల్లలున్నారు. ఇంటికెళ్లు."

ముసలి పోతును చివర చంపారు. మెడలో గంట విప్పి ఇస్సాత్ చేతికిచ్చారు. ఆయన దాన్ని మోగకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుని ఇంటికి నడిచాడు.

జూన్‌లో సున్నివా కాగితాలు పట్టుకుని వచ్చింది. బియెరా ఎండుచేపలు తెచ్చి అక్కడే ఉన్నాడు. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. పొయ్యి మీద ఆమె ఇచ్చిన కాఫీయే మరుగుతోంది. ఆ పొట్లం అంతవరకూ ఎవరూ విప్పలేదు.

"రెండొందల ఎనభై ఆరు తలలు," అందామె. "అన్నీ చూశాం. కొన్ని రెండేసి సార్లు చూశాం."

ఇస్సాత్ ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె ఆగలేకపోయింది.

"ఒక్కదానికీ లేదండీ. ఒక్కదానికంటే ఒక్కదానికీ లేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి." ఆమె కళ్లు తుడుచుకుంది. "నాకు నిద్ర పట్టట్లేదు. మరి ఆ మొదటిదానికి ఎక్కణ్ణించి అంటుకుంది ఇస్సాత్ గారూ? మీకేమైనా తెలుసా?"

బియెరా ఖాళీ కప్పులోకి చూశాడు. ఇస్సాత్ లేచి కాఫీ తెచ్చి ముందు తమ్ముడి కప్పు నింపాడు. తర్వాత ఆమెది. తర్వాత తనది.

"తాగండి. చల్లారిపోతుంది," అన్నాడు.

ఆ ఒక్కటీ మూడేళ్లుగా మేసింది ఏటి అవతల బియెరా మందలోనే. అతని చిన్నకూతురి మొదటి పన్ను చూసినందుకు ఇస్సాత్ ఇచ్చిన జింక అది.