కోరుట్ల దాకా వినబడే సెట్టు

"చెయ్యి హ్యాండిల్ మీద పెట్టాల్నా, గీ బటన్ మీద పెట్టాల్నా? ఒక్కటి చెప్పు అన్నా" అంది నర్మద, వాకీటాకీని బల్ల మీద అవతలికి నెడుతూ.

దుబాయి సామాన్ల దుకాణం అంతయ్య నెత్తి గోక్కున్నాడు. "మాట్లాడేటప్పుడే ఒత్తుడు చెల్లె. మాట అయిపోంగనే ఇడిసిపెట్టుడు."

"గా ఇడిసిపెట్టేలోపల లారీ రాదా?"

అంతయ్య వాకీటాకీని మళ్లీ అరలో పెట్టాడు. పక్కన నిలబడ్డ ఆమె పెనిమిటి పర్శరాములు అరలో మిగిలిన సెట్ల వైపు చూశాడు.

నెల కింద కాలువ వంతెన దగ్గర పర్శరాములు బండి మీంచి పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయింది, అంతే. నర్మదకు మాత్రం ఆనాటి నుంచి కంటి మీద కునుకు లేదు. రోజూ మెట్‌పల్లి నుంచి కోరుట్లకు పోయి బోరు మోటార్లు బాగుచేసి వచ్చే మనిషి. పొద్దున పోతే పొద్దుగూకేదాకా ఎక్కడున్నాడో, ఎట్లున్నాడో తెలియదు. బండి వద్దంది. అతను బతిమాలాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. దారి పొడుగునా, కోరుట్ల దాకా, అతని మాట ఆమెకు వినబడే సెట్టు దొరికితే బండి ఉంటుంది. లేదంటే ఆమె తమ్ముడు వచ్చి బండిని తోలుకుపోతాడు. అప్పటిదాకా కిక్కు కొట్టనని బిడ్డ మీద ఒట్టు కూడా పెట్టించుకుంది.

ఆ నెల రోజులూ పర్శరాములు ఇంట్లో నోటితోనే బండి నడిపాడు. ఏడాదిన్నర రవళిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెదవులు అదరగొడుతూ, ఒక్కో మలుపుకు ఒక్కో ముద్ద పెట్టేవాడు. ఈ రోజు దుకాణానికి కూడా బండిని నెట్టుకుంటూనే వచ్చాడు.

"అయితే గిది చూడు" అని అంతయ్య ఇంకోటి తీశాడు. "రెండు హెల్మెట్ల నడుమ వైరుంటది. ముందటోళ్లు, ఎనుకటోళ్లు ముచ్చట పెట్టుకుంట పోవచ్చు."

"నేను ఎనుక కూసుంటే వైరెందుకన్నా? వీపు మీద ఒక్కటేస్తే ఇనవడదా?"

పర్శరాములు కొంచెం పక్కకు జరిగాడు.

ఆ మాటల మధ్యే రవళి బండి వైపు అడుగులు వేసింది. నర్మద ఉరికి పట్టుకుంది. "సైలెన్సరు ముట్టద్దు బిడ్డా, కాలుతది." ఆమె పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. పాలకేంద్రం దాకా పోయివచ్చిన పాటికే అంత కాల్చింది ఆ సైలెన్సరు.

అంతయ్య మూడోది బయటకు తీశాడు. హెల్మెట్ లోపల చెవికి ఒక బిళ్ల, నోటి ముందర చిన్న మైకు, జేబులో పెట్టుకునే డబ్బా. "బటన్ లేదు. మాట్లాడితే అదే తెరుసుకుంటది. రెండో డబ్బా నీ దగ్గరుంటది."

"ఎంత దూరం?"

"రెండు మైళ్లు పక్కా."

కోరుట్ల అంతకు మూడింతల పైనే. నర్మద పిల్లను చంకనేసుకుని లేచింది.

"జర ఆగు" అన్నాడు పర్శరాములు. "డబ్బా మీద రాసిందే నిజమా? నేను కోరుట్ల పోయొస్త. నువ్వు ఈడనే కూసోని ఇను."

ఆమె మళ్లీ కూర్చుంది. "గీ ఒక్కసారికి ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న. అంగడి రోజు, సందు నిండ జనం. సందు దాటేదాక నెట్టుకపో. ఆడ కొట్టు కిక్కు."

హెల్మెట్ పెట్టుకుని, బండి నెట్టుకుంటూ అతను జనంలో కలిసిపోయాడు.

కొద్దిసేపటికి డబ్బాలోంచి డుర్‌ర్‌ర్ మని చప్పుడొచ్చింది. ఒళ్లోని రవళి టక్కున నోరు తెరిచింది.

"బండి సప్పుడు ఇంటే దీనికి బువ్వ యాదికొస్తది" అని నవ్వింది నర్మద. అంతయ్య ఒక బిస్కెట్ ఇచ్చాడు.

"ఇనవడుతందా?" అంది సెట్టు.

"మంచిగ ఇనవడుతంది. ఏడున్నవ్?"

"కాలువ దాటిన. డుర్‌ర్‌ర్."

"మెల్లగ పో. ముందట బర్రెలున్నయా?"

"ఒక్కటుంది."

"హారన్ కొట్టు మరి."

కొంచెం ఆగి, "పీప్, పీప్" అంది సెట్టు.

"హారన్ గొంతు బొంగురుపోయినట్టున్నది. బాగు చేయించుకో" అంది నర్మద.

రెండు మైళ్లు ఎప్పుడో దాటాయి. అంతయ్య సెట్టును తిప్పి తిప్పి చూశాడు. దుబాయిలో కూడా ఇంత దూరం పోయింది చూడలేదన్నాడు. డబ్బా మీద 'రెండు మైళ్లు' అని ఉన్న చీటీని గోటితో మెల్లగా ఊడబీకేశాడు.

"కోరుట్ల వచ్చిన. బస్టాండు కాడ చాయ తాగుతున్న" అంది సెట్టు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా పక్కనే ఉన్నట్టు వినబడింది.

నర్మద కళ్లు తుడుచుకుంది. నెల రోజుల ఫికర్ దిగిపోయింది. "బండి నీదే. మెల్లగ రా."

మళ్లీ కాలువ, మళ్లీ బర్రె, మళ్లీ హారన్ అన్నీ అయ్యాక పర్శరాములు జనంలోంచి బండి నెట్టుకుంటూ వచ్చాడు. వస్తూనే చెంబెడు నీళ్లు గుక్క తిప్పకుండా తాగాడు. పెదవులు ఎండి ఎర్రబడ్డాయి.

"గాలికి నోరెండింది" అన్నాడు.

"నెత్తికి నూనె రాస్త ఇంటికి పోయినంక" అంది నర్మద. ఆమె అంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

అంతయ్య సెట్టును అట్టపెట్టెలో పెడుతున్నాడు. పర్శరాములు దారం పట్టుకున్నాడు. ఇద్దరి వైపు చూస్తున్న నర్మద ఒళ్లోంచి రవళి ఎప్పుడు జారిందో జారింది. తిరిగి చూసేసరికి పిల్ల బండి దగ్గరుంది. రెండు చేతులా సైలెన్సరును కావలించుకుని, చెంప ఆనించి నవ్వుతోంది.

ఇప్పుడే కోరుట్ల నుంచి వచ్చిన బండి. నర్మద కెవ్వున అరిచి ఉరికింది. పిల్లను లాగి అరచేతులు చూసింది, చెంప చూసింది. ఎక్కడా ఎరుపు లేదు. పిల్ల మళ్లీ దాని మీదికే చేతులు చాస్తోంది.

నర్మద మెల్లగా వంగి తన అరచెయ్యి ఆనించింది.

సైలెన్సరు చల్లగా ఉంది.