రెండో గాజుపలక

"నా పురుగులు నడుస్తున్నాయా లేదా? నాకెలాగూ చేతకావడం లేదు, వాటికైనా అబ్బిందా?"

రోజూ పొద్దున్నే అన్న అడిగే మొదటి ప్రశ్న అదే. చక్రాల కుర్చీలో కూర్చుని, చెల్లెలు నోటికందించిన టీ ఒక గుక్క తాగి మరీ అడుగుతాడు.

"నడవకూడదు అన్నయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నా పోలికొస్తే ఎలా నడుస్తాయిలేవే, నువ్వేం దిగులుపడకు" అని పకపకా నవ్వుతాడు.

ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె భర్త తన గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతాడు.

అన్న ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ముందు పాదాలు తడబడ్డాయి. తర్వాత మోకాళ్లు. ఇప్పుడు వేళ్లు కూడా వంగడం లేదు. నరాల్లో మూటలు మోసే కూలీల్లాంటి ప్రోటీన్లు ఉంటాయట. అడుగులో అడుగేసుకుంటూ, వెన్ను నుంచి కాలివేళ్ల దాకా సరుకు చేరవేస్తాయట. ఆ కూలీని తయారుచేసే జన్యువులో అన్నకు ఒక్క అక్షరం మారింది. జబ్బుకు అదే కారణమై ఉంటుందన్నాడు పెద్ద డాక్టరు. అదే మార్పు ఆమెలోనూ ఉంది. కొందరిలో అది నిద్రపోతుందట, కొందరిలో నిద్రలేస్తుందట.

ఎంతైనా అది అనుమానమే. దాన్ని తేల్చేది ఆమె పనిచేసే ప్రయోగశాల. అన్న జన్యువును ఒక వైరస్‌లో పెట్టి, ఆ వైరస్‌ను పట్టుపురుగులకు ఎక్కిస్తారు. పురుగు తన ఒంట్లో అన్న కూలీని తయారుచేసి పెడుతుంది. దాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. నడవకపోతే కారణం దొరికినట్టే. ఆ మార్పుకే మందు పరీక్షిస్తున్న ఆసుపత్రి అన్నను చేర్చుకుంటుంది. నడిచిందంటే కథ మళ్లీ మొదటికొచ్చినట్టే.

కిందటేడు జ్వరమని నెల రోజులు సెలవు పెట్టి తిరిగొచ్చినప్పుడు, ఈ పని తనకే కావాలని ఆమె మొండికేసింది.

"సొంత అన్న విషయం కదమ్మా, మనసు పాడుచేసుకుంటావు" అని ప్రయోగశాల నడిపే మేడం నచ్చజెప్పి చూసింది. వినలేదు. చివరికి మేడం ఒక షరతు పెట్టింది. ఒక ట్రేలో అన్న జన్యువు ఎక్కిన పురుగులు, ఇంకో ట్రేలో ఆరోగ్యవంతుడి జన్యువు ఎక్కినవి. ట్రేల మీద నీలం చీటీ, పసుపు చీటీ తప్ప ఇంకేమీ ఉండవు. ఏది ఎవరిదో మేడం ఒక్కదానికే తెలుసు. చూసే కన్ను తనకు కావలసిందే చూడకుండా ఈ జాగ్రత్త.

రెండు ట్రేలకూ ఆమె ఒక్కలాగే మల్బరీ ఆకు వేసింది. వైరస్ ఎక్కాక పురుగులు తిండి మానేశాయి. ట్రే అంచుల వెంట దిక్కూమొక్కూ లేకుండా తిరగడం మొదలుపెట్టాయి. చచ్చేముందు అవి అలాగే తిరుగుతాయి. ఆ కూలీలున్న రక్తం తీయడానికి ఒక్కోదాన్ని కాలి దగ్గర సూదితో పొడిచినప్పుడల్లా, "తప్పయిపోయింది తల్లీ" అని గొణుక్కునేది.

"పురుగులకు కూడా క్షమాపణలేంటే, పిచ్చిమాలోకం!" అని పక్కబల్ల స్నేహితురాలు నవ్వేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. మొదటి గాజుపలక పెట్టారు. దాని మీద సన్నని దారులు, దారుల మీద మెరిసే చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో కూలీ. చూస్తుండగానే చుక్కలన్నీ బుడిబుడి నడకలతో బయల్దేరాయి.

ఇది ఆరోగ్యవంతుడిదే అయ్యుంటుందని ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది.

రెండో పలక పెట్టారు. చుక్కలు కదల్లేదు. ఆమె బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. కాసేపటికి మూలనున్న చుక్క ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అన్నీ. అవే బుడిబుడి నడకలు.

"దీపం వేడికి కదులుతున్నాయేమో మేడం. ఇంకోసారి చేద్దాం."

ఇంకోసారి చేశారు. ఆమె బతిమాలితే మరోసారీ చేశారు. రెండూ నడిచాయి.

మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏ చీటీ ఎవరిదో ఇక చూడనక్కర్లేదు. ఆ జన్యువు ఏ పాపం ఎరగదమ్మా. ఉత్తపుణ్యానికి దాని మీద నింద వేశాం."

ఆమె నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరు ఓదార్చినా ఆగలేదు.

"పాపం, అన్నంటే ప్రాణం" అంది స్నేహితురాలు, తనూ కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఇంటికొచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చుని విషయం చెప్పింది. అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"అయితే నాకు మందు లేనట్టే."

ఆమెకు మళ్లీ ఏడుపు ముంచుకొచ్చింది. అతనే ముందు సర్దుకున్నాడు. వంగని వేళ్లతో ఆమె తల నిమిరాడు.

"పోనీలేవే. నేను నడవకపోతేనేం, నా పురుగులు నన్ను మించిపోయాయి. ఊరుకో, చిన్నపిల్లలా ఏమిటా ఏడుపు? ఇందులో మంచి కూడా ఉంది కదా. ఆ మార్పు నీలోనూ ఉందని పిల్లల ఊసే ఎత్తకుండా ఎన్నాళ్లు బెంగపెట్టుకున్నావు! దానివల్ల ఏమీ కాదని తేలిపోయిందిగా. ఇకనైనా నన్ను మేనమామను చెయ్యవే."

ఆమె అతని ఒళ్లో ముఖం దాచుకుంది.

కిందటేడు, కడుపులోని బిడ్డకూ అదే మార్పు వచ్చిందని పరీక్షలో తేలితే, ఆమె జ్వరమని చెప్పి సెలవు పెట్టి ఆ బిడ్డను తీయించుకుంది.