జంట అద్దాల మధ్య

ఆర్వో భార్య లోర్నా చనిపోయిన చలికాలంలోనే వంటగది కిటికీ జంట అద్దాల మధ్య ఆవిరి చేరింది. ఆర్వో మొండివాడు. పనివాణ్ణి పిలవకుండా తనే మార్చేస్తానని కూర్చున్నాడు.

"ఆ పాతదాన్ని ఇంకా తుడుస్తావేంట్రా?" అన్నాడు సాయానికొచ్చిన పక్కింటి టోయివో. "ఆవిరి లోపలుంది. అక్కడికి ఎవడి వేలూ దూరదు."

నాలుగున్నరకే చీకటి పడింది. కొత్త కిటికీ బిగించి, సందులు పూడేలా నురుగులాంటి ఫోమ్ కొట్టి, పాతదాన్ని బయట మంచులో గోడకి ఆనించారు. టోయివో ఇంటికెళ్లాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు బయట, అద్దం మీద వేలు రాసిన కిర్రుమనే చప్పుడు.

ఆర్వో టార్చితో వెళ్లాడు. పాత కిటికీ ఆవిరిలో గుండ్రటి మొహం, రెండు కళ్లు, వంకర నవ్వు. అతను ఇనుప గనికి బయల్దేరే ప్రతి ఉదయం లోర్నా ఆ కిటికీ మీద గీసే బొమ్మే. ఇటు తుడిచాడు. అటు తుడిచాడు. చెరగలేదు. చూస్తుండగానే ఆ నవ్వు కింద, లోపలి నుంచి ఆనించినట్టు, ఓ అరచెయ్యి తేలింది.

ఆర్వో ఓ అడుగు వెనక్కి వేశాడు. వెంటనే, ఆమెకి చలి బొత్తిగా పడదని గుర్తొచ్చింది.

"ఉండవే, లోపలికి తెచ్చేస్తా," అన్నాడు.

ఫోమ్ ఇంకా ఆరనే లేదు. కొత్త కిటికీ మరలు విప్పడం మొదలుపెట్టాడు.