రెండో సిలిండర్

తొలి రౌండు ముగించి కెండ్రా వెనక్కి వచ్చేసరికి కారు దగ్గుతోంది.

మార్లిస్ పిన్ని బానెట్ ఎత్తింది. చెవి దగ్గరగా పెట్టింది.

"మిస్సింగే. నాలుగు సిలిండర్లలో మూడే పని చేస్తున్నాయి. ఒకటి మీ బాబాయిలా పడుకుంది."

"బాబాయి వింటాడు పిన్నీ."

"వినాలంటే ముందు లేవాలిగా."

బాబాయి ట్రక్కు నీడలో, మడత కుర్చీలో, మొహం మీద టోపీ పెట్టుకుని ఉన్నాడు.

అయోవాలో కౌంటీ సంత. మట్టి ట్రాక్ మీద పాత చిన్న కార్ల పందెం. ఫైనల్లో మొదట వచ్చిన ఒక్క కారే రాష్ట్ర పందేనికి వెళుతుంది.

కెండ్రాది పక్క కౌంటీ. ఇక్కడ తోలడం ఇదే మొదలు. ఆమె వడ్డించే కాఫీ హోటల్‌కి ఇవాళ తాళం వేసి, యజమానితో సహా అందరూ వచ్చి స్టాండ్‌లో కూర్చున్నారు. చొక్కాల మీద ఆమె నంబరు రాయించుకున్నారు.

ఫైనల్‌కి గంట టైముంది.

పిన్ని లోపం ఎక్కడుందో చూపే స్కానర్ తగిలించింది. రెండో సిలిండర్ అని చూపించింది. ప్లగ్ విప్పి కొత్తది బిగించింది. స్టార్ట్ చేస్తే అదే దగ్గు.

"పెట్రోల్లో నీళ్ళేమో," అంది కెండ్రా.

"నీళ్ళయితే నాలుగూ ఏడవాలి. ఒక్కటే ఎందుకేడుస్తుంది? ఎప్పుడు మొదలైంది?"

"సగం దాకా బాగానే ఉంది. ఇంజిన్ వేడెక్కాక పట్టుకుంది."

"కాయిల్ మార్చి చూశారా?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గళ్ళ చొక్కా మనిషి ఒకాయన కంచెకి ఆనుకుని మొక్కజొన్న పొత్తు తింటున్నాడు.

"అదే చెయ్యబోతున్నా," అంది పిన్ని. "ఊరికే నిలబడే బదులు ఈ బోల్టులు పట్టుకో."

ఆయన పొత్తు పారేసి దోసిలి పట్టాడు.

పిన్ని రెండో సిలిండర్ మీద, ప్లగ్‌కి కరెంటు అందించే కాయిల్ తీసి మూడో దాని మీద పెట్టింది. మూడో దాని కాయిల్ తెచ్చి రెండో దాని మీద పెట్టింది. ఇంజిన్ వేసి స్కానర్ చూసింది.

ఈసారి మూడు.

"దొరికాడు దొంగ. ఈ కాయిల్ ఎక్కడ కూర్చుంటే అక్కడ మంట రాదు."

"అయితే కొత్తది వెయ్యి పిన్నీ."

"కొత్తది ఇంట్లో ఉంది. ఫ్రిజ్ మీద."

"ఫ్రిజ్ మీదా?"

"మర్చిపోకూడదని ఎదురుగా పెట్టా."

ఇంటికి వెళ్ళి రావాలంటే గంటన్నర. ఆదివారం కాబట్టి ఊళ్ళో విడిభాగాల దుకాణం మూసి ఉంది. కెండ్రా టైరు మీద కూలబడింది.

"మూడింటితోనే తోలతాను."

"తోలు. ఆ పద్నాలుగో నంబరు వాడు నిన్ను రెండుసార్లు దాటేసి, మూడోసారి చెయ్యి కూడా ఊపుతాడు."

పద్నాలుగో నంబరంటే గార్త్. ఇక్కడ ఏటా గెలిచేది అతనే. తొలి రౌండులో వీళ్ళు అతని కారును చూశారు. మనిషిని చూడలేదు.

"ఆయన గురించి మీ ఊరి దాకా తెలుసా?" అన్నాడు గళ్ళ చొక్కా.

"తెలియకేం," అంది పిన్ని. "గర్వంతో తల ఉబ్బి హెల్మెట్ పట్టదట."

ఆయనకి పొలమారింది.

"నీకు చుట్టమా ఏంటి?" అంది పిన్ని.

"ఈ ఊరివాడేలెండి. తోలడం బాగానే తోలతాడు. చూడ్డానికే విసుగు. ఫైనల్ మొదలవగానే జనం నిమ్మరసానికి లేచిపోతున్నారు. ఎవరు గెలుస్తారో తెలిశాక ఎండలో కూర్చోవడమెందుకు?"

ఆయన వంగి ఇంజిన్ వైపు చూశాడు.

"నాకూ ఈ రకం బండే ఉంది. కాయిల్ సరిపోతుంది. తెస్తానుండండి."

"మరి నీ బండో?"

"దాని సంగతి నేను చూసుకుంటా."

వెళ్ళినంత త్వరగా తిరిగి వచ్చాడు. కాయిల్ ఇంకా వెచ్చగా ఉంది. ఎండకి కాగిందనుకుంది పిన్ని.

బిగించి స్టార్ట్ చేశారు. నాలుగు సిలిండర్లూ అందుకున్నాయి. కెండ్రా వేసిన కేకకి బాబాయి టోపీ కింద పడింది.

"ఎవరు పోయారు?"

"పోలేదు, బతికింది. నువ్వు పడుకో," అంది పిన్ని. తర్వాత ఆయన వైపు తిరిగింది. "నీ పేరేంటయ్యా?"

"ముందు గెలవండి, తర్వాత పేర్లు."

పాత కాయిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

"అది దేనికి? పాడైంది."

"చల్లగా ఉన్నంతసేపు పని చేస్తుందిగా," అని జనంలో కలిసిపోయాడు.

పచ్చజెండా ఊగింది. పద్నాలుగు ముందు దూకింది. కెండ్రా వెనకే ఉంది. మలుపు మలుపుకీ దగ్గరైంది. దాటలేకపోయింది.

సగం పందెం అయ్యాక ముందు కారు దగ్గింది.

కెండ్రా ఆ దగ్గును పోల్చుకుంది. తర్వాతి మలుపులో లోపలి వైపు దూరి దాటేసింది. స్టాండ్‌లో ఒక్కరూ కూర్చుని లేరు.

గెలుపు జెండా పడేసరికి పిన్ని మోకాళ్ళ నొప్పి మరిచి ట్రాక్ మీదికి పరుగెత్తింది. కెండ్రా మెడ పట్టుకుని ఊపేసింది. కాఫీ హోటల్ మొత్తం కంచె ఎక్కింది.

"ముందు ఆయన్ని వెతకండి," అంది కెండ్రా. "ఆ కాయిల్ లేకపోతే మనం లేం."

ఇద్దరూ కార్ల మధ్య వెతికారు. ఎక్కడా కనబడలేదు.

ఇంతలో పద్నాలుగో నంబరు దగ్గుకుంటూ వచ్చి పక్కనే ఆగింది. పిన్ని ఊరుకోలేకపోయింది.

"ఏమయ్యా గార్త్! మా జబ్బు నీకెట్లా అంటుకుంది?"

డ్రైవరు కిటికీలోంచి దిగి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ నవ్వాడు: ఇందాక పిన్ని బోల్టులు దోసిట్లో పట్టుకుని నిలబడ్డ మనిషే.