మామూలుదా, ప్రీమియమా?

"మామూలుదా, ప్రీమియమా సార్?" అని అడిగింది బంకులో పెట్రోలు పోసే ఆవిడ.

బావగారు ఆమెను ఎగాదిగా చూశాడు. పాతికేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్న మనిషి. ఎవరినైనా అద్దాల పైనుంచి చూడటమే ఆయనకు అలవాటు.

"నన్ను చూస్తే మామూలుది కొట్టించుకునేవాడిలా కనిపిస్తున్నానా?"

ఆవిడ ఆయన దిగిన బండివైపు చూసింది. బావమరిది స్కూటరు అది. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది.

"ఈ డొక్కుకి కాదమ్మా! ఈ క్యానులోకి. నా కారు ఊరి బయట ఆగి ఉంది."

బావమరిది క్యాను మూత తిప్పుతూ గొణిగాడు. "ఐదు లీటర్లే కదా బావగారూ. మామూలుది సరిపోదూ?"

"నీకు సరిపోతుంది. పొద్దస్తమానం టైపు కొట్టుకునేవాడివి, నీకేం తెలుసురా కార్ల సంగతి?"

బావమరిది నోరు మూసుకున్నాడు. పదహారేళ్ళుగా అక్క మొహం చూసి మూసుకుంటున్న నోరే అది.

వెనక చిన్న కారులోంచి ఒక పెద్దాయన తల బయటపెట్టాడు. "ఏదైనా ఒకటేనండీ. నేను పదేళ్ళుగా మామూలుదే పోయిస్తున్నాను."

"మీదీ కారేనా? ఎవరో సబ్బుపెట్టె పారేసుకున్నారనుకున్నాను."

పెద్దాయన తల లోపలికి పోయింది.

"ప్రీమియం మసి లేకుండా మండుతుంది. దాని విలువ తెలియాలంటే కాస్త స్థాయి ఉండాలి" అన్నాడు బావగారు, లైనంతటికీ వినబడేలా.

"మిమ్మల్నెప్పుడూ ఇక్కడ చూళ్ళేదు సార్" అంది ఆవిడ, క్యాను నింపుతూ.

"మా వీధి బంకులో పోసేది పెట్రోలా? కుంకుడురసం!"

బావమరిది మెడమీద చెమట కారింది. కర్చీఫుతో తుడుచుకున్నాడు.

దారంతా బావగారు స్కూటరుని తిడుతూనే ఉన్నాడు. గతుకు తగిలితే తిట్టాడు, హారన్ మోగకపోతే తిట్టాడు. ఎండకి కూడా బావమరిదినే తిట్టాడు.

మూతబడిన రాళ్ళ క్వారీ పక్కన కారు నిలబడి ఉంది. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు. పొద్దున్నే కడిగించాడేమో, తళతళలాడుతోంది. బానెట్ మీద పడ్డ దుమ్మును బావగారు చొక్కా అంచుతో తుడిచాడు.

"అక్కకి ఒక్కమాట చెప్పి ఉండాల్సింది బావగారూ" అన్నాడు బావమరిది.

"మీ అక్కకా? కారంటే ఆవిడ లెక్కలో చక్రాలున్న సోఫా. నీకు స్కూటరెక్కువ, ఆవిడకి సోఫా ఎక్కువ. ఏం వంశంరా మీది! క్యాను ఇటు తే."

బావమరిది ఇచ్చాడు. మూత వదులై నాలుగు చుక్కలు నేలపాలయ్యాయి.

"ఒలకబొయ్యకు! అది ప్రీమియం."

బావగారు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

తర్వాత తలుపులు నాలుగూ బార్లా తెరిచి, క్యానుని సీట్లమీద బోర్లించి, జేబులోంచి అగ్గిపెట్టె తీస్తూ అన్నాడు, "ఇన్సూరెన్సువాళ్ళు అడిగితే దొంగలెత్తుకెళ్ళి తగలబెట్టారని చెప్పాలి, కనీసం ఆ ఒక్క ముక్కయినా తడబడకుండా చెప్పగలవా?"