బట్టలరేవులో బొమ్మలు

"కాదన్నవి ఇవే," అన్నాడు తోటి విద్యార్థి రొసెందో, గోడవైపు మొహం తిప్పి ఆనించి ఉన్న బొమ్మల్ని చూపిస్తూ. "ఇంకా అనుమానమా?"

నెరెయిదాకు అనుమానమేమీ లేదు. చిత్రకళాశాల సామాన్ల గదిలో ఒక వరసలో ఇరవై రెండు బొమ్మలు గదిలోకి చూస్తున్నాయి, ఇంకో వరసలో ఇరవై రెండు గోడను చూస్తున్నాయి. హలాపాలో పుట్టినవాళ్లకి దీని అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. అడిగింది ఇవ్వకపోతే అంతోనియో పునీతుడంతటివాడి విగ్రహాన్నే గోడవైపు తిప్పి నిలబెట్టే ఊరది. నెరెయిదా అమ్మమ్మ ఇంట్లో, మోకాళ్ల నొప్పి తగ్గించలేదన్న నేరానికి ఆయన ఫిబ్రవరి నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు.

గోడను చూస్తున్నవాటిలో మూడోది ఆమెదే. కళాశాల వార్షిక ప్రదర్శనకు బొమ్మ పంపడం ఆమెకిది మూడోసారి. ఈసారి కూడా కాదంటే బొమ్మలు మానేసి వేరాక్రూజ్‌లో పిన్ని గుండీల కొట్లో కూర్చుంటానని ఇంట్లో తనే మాటిచ్చింది.

ఎంపిక చేసింది రాజధాని నుంచి వచ్చిన ఊర్బియేతా మాస్టారు. మధ్యాహ్నమంతా ఆ గదిలో ఒక్కడే కూర్చుని, బొమ్మల్ని రెండు వరసలు చేసి, ఎంపికైనవాటి జాబితాను కవరులో పెట్టి లక్క వేసి, దాన్ని కోటు జేబులో పెట్టుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. ఆ కవరు విప్పేది ప్రారంభోత్సవం రోజునే. అప్పటిదాకా ఆగడం దేనికి, గోడే చెప్పేసింది కదా అన్నాడు రొసెందో. కాదన్న బొమ్మలన్నిటికీ విద్యార్థులే వేరే ప్రదర్శన పెట్టాలన్నది కూడా అతని ఆలోచనే. కాదన్నవాటిని పట్టుకుపొమ్మని ప్రిన్సిపాల్ ముందే చెప్పి ఉన్నాడు. వీళ్లు మోసుకుపోగా మిగిలినవాటిని నౌకర్లు పెద్ద హాల్లో తగిలించారు.

వీళ్లకు దొరికిన చోటు లోయలోని పాత బట్టలరేవు. పెంకుల కప్పు కింద రెండు వరసల రాతి తొట్లు, వాటి మీదుగా గోడలకు బొమ్మలు. బయట రోజంతా సన్నటి తుంపర. ఆ తుంపరలో దారి తప్పినట్టు మంచు లోపలికి వచ్చి తొట్ల మీద కాసేపు కూర్చుని పోయేది. నీళ్లలో బొమ్మలు తలకిందులుగా ఊగేవి. చూడవచ్చినవాళ్లు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. ఏది బొమ్మో ఏది నీడో తెలియక నెరెయిదాకే ఒక్కోసారి నిద్రలో తిరుగుతున్నట్టుండేది.

ఆమె బొమ్మలో ఒక ముసలమ్మ తొట్లో మంచును ఉతికి, పిండి, తీగ మీద ఆరేస్తోంది. నలభై ఏళ్లుగా అక్కడే దుప్పట్లు ఉతుకుతున్న దోన్యా చోలే మొదటిరోజే దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఈ తడికి అది ఆరదు పిల్లా. ఆ ముసల్దానికి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పినా వినదండి."

"మరి నాలాంటిదే," అని తన తొట్టిని ఆ బొమ్మ కిందికి మార్చుకుంది. రెండోరోజు తోటివాళ్లను తీసుకొచ్చింది. మూడోరోజుకు ఊళ్లో సగంమంది ఆ బొమ్మ చూసే వెళ్లారు. ఆ సాయంత్రం నెరెయిదా ఇంటికెళ్లి, ఎవరికి నచ్చుతుందన్న ఆలోచనే లేకుండా కొత్త బొమ్మ మొదలుపెట్టింది. చాలా ఏళ్ల తర్వాత ఆమెకు బొమ్మ వేయడం హాయిగా అనిపించింది.

నాలుగోరోజు పెద్ద హాల్లో ప్రారంభోత్సవం. అక్కడి కబురు రొసెందో పరిగెత్తుకొచ్చి చెప్పాడు. మాస్టారు వేరేవాళ్ల పెళ్లికి వచ్చినవాడిలా హాలంతా రెండుసార్లు తిరిగాడట, ఒక్క బొమ్మ దగ్గరా ఆగలేదట. జాబితా చదవమంటే గొంతు పట్టేసిందన్నాడట. తను ఎంచినవి తనకే నచ్చలేదు చూశావా, అని రొసెందో తెగ మురిసిపోయాడు.

అతను చెప్పడం పూర్తికాకముందే గొడుగు ముడుస్తూ మాస్టారే లోపలికి వచ్చాడు. ఆయన ఒక్కో బొమ్మ దగ్గరా ఆగుతూ చివరిదాకా వెళ్లాడు, వెనక్కి వచ్చి ముసలమ్మ ముందు నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇది ఎవరిదమ్మా?"

"నాదే మాస్టారూ. మీరు వద్దన్నదే."

ఆయన జేబులోంచి కవరు తీశాడు. "అమ్మాయీ, నీకో మాట చెప్పాలి."

"క్షమాపణ అయితే వద్దండి," అంది నెరెయిదా. "మీరు తీసుకుని ఉంటే, మీకు ఇంకేం నచ్చుతుందా అని ఆలోచిస్తూ బతుకంతా ఇదే మళ్లీ మళ్లీ వేసేదాన్ని. వద్దన్నారు కాబట్టి ఇప్పుడు నాకోసం వేసుకుంటున్నా. గుండీల కొట్టుకి రానని మా పిన్నికి చెప్పేశా."

"ఇప్పుడెవరైనా వచ్చి, పొరపాటైంది, దీన్ని పెద్ద హాల్లో పెడతామంటే?"

"వద్దంటానండి."

మాస్టారు కవరును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. దోన్యా చోలే తల ఎత్తి, చెప్పేదుంటే చెప్పండి, లేకపోతే కాస్త పక్కకి జరగండి బాబూ, వెలుతురుకి అడ్డమొస్తున్నారు అంది. ఆయన లక్క చిట్లించి, కవరులోని కాగితం తీసి, ఆమె సబ్బునీళ్ల తొట్లోకి నెమ్మదిగా జారవిడిచాడు. నీలం సిరా నురగలోకి పాకింది. చూస్తుండగానే పేర్లన్నీ కరిగిపోయాయి.

పాపం, సిగ్గుపడ్డాడనుకుంది నెరెయిదా. ఆమెకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

దుమ్ము పడకూడదని గోడవైపు తిప్పిపెట్టిన, ఆయన ఎంపిక చేసిన ఇరవై రెండూ ఆ గోడల మీదే ఉన్నాయి.