గోడ దాటని బంతి

గోలు వెనక గోడ మీద మీరు కట్టించిన ఆ ఎత్తు వల మా నానమ్మకు చేసిన అన్యాయం, సెక్రటరీ గారూ. గోడ అవతల ఒక మనిషి ఉందా, చచ్చిందా అని మీ ఫుట్‌బాల్ క్లబ్బులో ఒక్కరైనా అడిగారా?

తుంటి విరిగాక ఆమె ఇల్లు కదలడం మానేసింది. శుక్రవారం ఆటల్లో మాత్రం, మన తొమ్మిదో నంబరు మొద్దు తన్నిన బంతి గోలు మీదుగా పోయి ఆమె క్యాబేజీ మడిలో పడగానే, కర్ర పట్టుకుని వచ్చి తిరిగి విసిరేది.

“అట్రాక్టా అవ్వా, నువ్వే దిగి ఆడు తల్లీ! వాడికంటే నయం!” అని జనం అరిచేవాళ్లు.

“ఈ విరిగిన తుంటితోనైనా వాడికంటే బాగానే తంతానురా, వెధవల్లారా!”

ఫిబ్రవరిలో సీజను మొదలైనప్పటి నుంచీ ఆ కేకల కోసమే ఆమె కోటు వేసుకుని వెనక గుమ్మంలో కూర్చునేది. మనం లీగులో అట్టడుగున ఉన్నా ఆమెకు పట్టలేదు.

మొన్న శుక్రవారం బంతులన్నీ మీ వలకు తగిలి జారిపోయాయి. ఆట అయ్యాక నేను వెళితే, ఆమె ఇంకా కోటు విప్పలేదు.

“ఏరా, నిన్ను టీములోంచి తీసేశారా?”

“లేదు నానమ్మా, ఆటంతా ఆడాను.”

“అబద్ధాలాడకు. నువ్వు ఆడితే నా క్యాబేజీకి తెలియదా?”

గోలు కొట్టి ఆమెను నమ్మించు అంటారేమో. సీజనంతా మీరూ చూశారుగా, అది నా వల్ల అయ్యే పని కాదు. వచ్చే శుక్రవారం ఆటకు ముందే ఆ వల విప్పించండి. విప్పిస్తారో లేదో గురువారం సాయంత్రం, నేను చేపల ఫ్యాక్టరీలో పని ముగించుకుని ప్రాక్టీసుకు వచ్చేలోగా చెప్పండి.